మోత ఆగాక

"మళ్ళీ సర్దమ్మా. గురువారం పొద్దున ఎలా సర్దావో అచ్చం అలాగే సర్దు," అంది నాగరత్నం.

మున్నీసా మంచం మీద ఖాళీ సంచి పెట్టింది. భర్త తీసుకెళ్ళిన సంచి కాదది, అలాంటిదే ఇంకోటి. అడుగున లుంగీ, చొక్కా పెట్టింది. వాటి మీద నమాజు టోపీ. పక్కన టిఫిన్ డబ్బా పట్టేంత చోటు చేత్తో నొక్కి వదిలింది. తర్వాత చిన్న ఫ్లాస్కు తెచ్చి, దాన్ని లోపల పెట్టబోయి ఆగిపోయింది.

ఆమె భర్త అబ్దుల్ రజాక్‌కి చాలా ఏళ్ళుగా షుగరు. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి ఇన్సులిన్ సూది పడాలి. చూపు తగ్గి సిరంజీ మీద గీతలు ఆనవు కనక మందు ఎక్కించి ఇచ్చేది మున్నీసాయే. పొడుచుకోవడం వరకే ఆయన పని. ఊరు వెళ్ళేటప్పుడు సిరంజీలు నింపి, ఐసు ముక్కల మధ్య ఫ్లాస్కులో పెట్టి పంపుతుంది.

"ఒక్క పూట పనే కదా, రెండు చాలన్నారక్కా. నేనే నాలుగు పెట్టాను."

నాలుగంటే రెండు రోజులకి. ఆయన వెళ్ళింది గురువారం, ఇవాళ ఆదివారం. నాగరత్నం ఆ లెక్క పైకి అనలేదు. అనక్కర్లేదు కూడా. శుక్రవారం రాత్రి నుంచి మున్నీసా నిద్రలేకుండా చేస్తున్నది ఆ లెక్కే.

నాగరత్నం హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరై, తెనాలిలో తన ఇంటి ముందుగదిలో ప్రైవేటు విచారణలు చేస్తోంది. తప్పిపోయిన మనుషుల కేసులు ఎన్నో చూసింది. మనిషి గుమ్మం దాటేటప్పుడు ఏం జరిగిందని అడిగితే ఇంట్లోవాళ్ళు ఏడుస్తారు తప్ప చెప్పలేరు. అదే చేతులకి పని పెడితే, చేతులకి అన్నీ గుర్తొస్తాయి. అందుకే సంచి సర్దమంది.

రికార్డు ప్లేయరు యంత్రం ఎలా తీసుకెళ్ళాడని అడిగింది. మున్నీసా ఒక దిండు తెచ్చి అట్టపెట్టెలో పెట్టి, అదే యంత్రం అనుకోమంది. పెద్ద కంచం ఒకటి తువ్వాలులో చుట్టి తన ఒళ్ళో పెట్టుకుంది. రికార్డు తిరిగే పళ్ళెం ఎప్పుడూ ఇలాగే వెళుతుందని చెప్పింది.

రజాక్ పని పాత జపాన్ రికార్డు ప్లేయర్లని, టర్న్‌టేబుళ్ళని బాగుచేయడం కాదు, మార్చడం. బెల్టు లేని రకం, మోటారు ఇరుసు మీదే పళ్ళెం కూర్చునే రకం మాత్రమే ముట్టుకుంటాడు. లోపలున్న ట్రాన్స్‌ఫార్మర్‌ని పెకలించి వేరే ఇనుప పెట్టెలో బిగిస్తాడు, దాని మోత పిన్నుకి ఎక్కకుండా. పళ్ళెం అడుగున రబ్బరు అతికించి, వేలితో కొడితే గంటలా మోగేదాన్ని చెక్కలా పలికిస్తాడు. చేతిలో, అంటే పిన్ను ఉండే ఆర్మ్‌లో, వెంట్రుకల్లాంటి పాత వైర్లు తీసి కొత్తవి వేస్తాడు. కింద కడప రాయి పరుస్తాడు. పళ్ళెం బిగించి బస్సులోనో రైల్లోనో తీసుకెళితే కుదుపులకి ఇరుసు దెబ్బతింటుందని దాన్ని విడిగా ఒళ్ళో పెట్టుకుని ప్రయాణం చేస్తాడు. ఈసారి యంత్రం బాపట్ల పూర్ణచంద్రరావుది. ఆయనకి రికార్డులు సేకరించే పిచ్చి.

మున్నీసా చివరగా రెండు వైర్లు చుట్టి పెట్టింది. ఎర్తు వైరు కూడా ఉండాలి కదా, మరిచిపోయావా అంది నాగరత్నం.

"ఈయన చేసినవాటికి ఉండదక్కా. ఎర్తు లోపలే కలిపేస్తారు. పైనుంచి ఇంకోటి తగిలిస్తే గుయ్యిమని మోత వస్తుంది. నేను టార్చి పట్టుకుంటేనే కదా ఆయన టంకం పెట్టేది. ఏం చేస్తున్నారో చెబుతూ చేస్తారు."

ఆ సంచిలో వెళ్ళిన ఇంకో వస్తువు ఒక రికార్డు. పూర్ణచంద్రరావు తండ్రి ముసలితనంలో మద్రాసు స్టూడియోకి వెళ్ళి తన మాటలు రికార్డు చేయించుకున్నాడట. ప్రపంచంలో అదొక్కటే ప్రతి. ఆ గొంతు బాగా వినాలనే ఇంత ఖర్చు పెట్టి యంత్రం మార్పిస్తున్నానని, దాన్నే పెట్టి పరీక్ష చేయమని పూర్ణచంద్రరావే ఇచ్చి పంపాడు. బుధవారం సాయంత్రం పని పూర్తయింది. రజాక్ ఆ రికార్డు పెట్టి విన్నాడు. ఇంకోసారి పెట్టాడు. మూడోసారి పెట్టేముందు కొట్టు షట్టరు సగం దించాడు. ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

ఏం జరిగిందని మున్నీసా అడిగితే ఆయన చెప్పింది ఒక్కటే. అది పెద్దింటి గుట్టు. పోలీసులకీ, పరాయివాళ్ళకీ చెప్పేది కాదు. ఆ ఇంట్లోనే ఒక మగమనిషితో చెప్పాలి. అప్పుడే తన బాధ్యత తీరుతుంది.

"శుక్రవారం జుమ్మా నమాజుకి వచ్చేస్తానన్నారు. రైలుకని వెళ్ళారు."

"ఏ రైలుకి?"

బాపట్ల రైలుకే అనుకున్నానంది. రేపల్లె రైలు కూడా ఆ స్టేషన్ నుంచే బయల్దేరుతుందని నాగరత్నం అన్నప్పుడు, రేపల్లెలో మాకెవరూ లేరని జవాబిచ్చింది. కంప్లయింటు కాగితం తెనాలి నుంచి బాపట్ల వెళ్ళింది. బాపట్ల ఎస్సై కోటిలింగం శనివారం ఫోనులో, మీ ఆయన పని ముగించుకుని సుబ్బరంగా వెళ్ళిపోయాడమ్మా, వస్తాడు కంగారుపడకు అని చెప్పి పెట్టేశాడు.

నాగరత్నం అద్దె కారు మాట్లాడింది. మున్నీసా కొత్తగా నాలుగు సిరంజీలు నింపి ఫ్లాస్కులో పెట్టుకుని, ఎవరూ పిలవకుండానే వెనక సీట్లో కూర్చుంది.

*

కోటిలింగం వాళ్ళకంటే ముందే పూర్ణచంద్రరావు ఇంట్లో సోఫాలో కూర్చుని ఉన్నాడు. పదిహేనేళ్ళ కిందట ఒకే స్టేషన్లో పనిచేసినప్పుడు నాగరత్నం అతనికి సెల్యూట్ కొట్టేది. అది అతను మర్చిపోలేదు.

"రిటైరైనా డ్యూటీ దిగలేదా నాగరత్నంగారూ?"

"మీరు ఎక్కితే దిగుదామనే చూస్తున్నానండి."

అతను నవ్వాడు గానీ కళ్ళు నవ్వలేదు. తాను విచారించాననీ, మనిషి వచ్చాడు, బిగించాడు, వెళ్ళాడనీ, పెద్దమనిషిని ఇంకోసారి ఇబ్బంది పెట్టడం మర్యాద కాదనీ అన్నాడు.

పూర్ణచంద్రరావుకి అరవై దాటి ఉంటాయి. తెల్ల చొక్కా, మెత్తటి మాట. మీరు పొద్దున ఫోను చేసి వస్తున్నానన్నారు కదా, అందుకే ఎస్సైగారికి కూడా కబురు చేశానన్నాడు. అడిగినవాటికి విసుగు లేకుండా చెప్పాడు. రజాక్ గురువారం పదకొండింటికి వచ్చాడు. ఒంటిగంట దాకా కూర్చుని యంత్రం బిగించాడు. కాఫీ వద్దన్నాడు. తెనాలి రైలుకని వెళ్ళాడు.

"పెట్టె ఎవరు దించారండి?"

"ఆటో అబ్బాయి."

"పళ్ళెం?"

"అదీ దాంతోనే ఉంది కదా. బిగించే తెచ్చాడు."

గుమ్మం దగ్గర నిలబడ్డ మున్నీసా తల ఎత్తింది. నాగరత్నం ఆమె వైపు చూడకుండా, ఒక్క రికార్డు పెట్టి వినిపిస్తారా అంది.

పూర్ణచంద్రరావు సంతోషంగానే లేచాడు. గోడ నిండా అరలు, అరల నిండా రికార్డులు. ఒక నాటక పద్యాల రికార్డు తీసి పెట్టాడు. పిన్ను దిగింది. పద్యం మొదలయ్యే లోపల స్పీకర్ల అడుగునుంచి ఒక మోత వచ్చింది. దూరంగా పిండిమర ఆడుతున్నట్టు సన్నగా, ఆగకుండా. పద్యం మొదలైనా అది పోలేదు, పద్యం కింద దాక్కుంది.

కోటిలింగం బ్రహ్మాండంగా ఉందన్నాడు.

"ఇది ఆయన బిగించింది కాదక్కా," అంది మున్నీసా.

నాగరత్నం మోకాళ్ళ మీద కూర్చుని బల్ల వెనక్కి తల పెట్టింది. యాంప్లిఫయర్ వెనక మరమేకు నుంచి ఒక ఆకుపచ్చ వైరు బయల్దేరి, టర్న్‌టేబుల్ అడుగున ఉన్న ఇనుప స్క్రూకి చుట్టి ఉంది. ఇదెవరు తగిలించారని అడిగింది. రజాకే అన్నాడు పూర్ణచంద్రరావు. ఎర్తు వైరు లేకుండా ఎవరైనా బిగిస్తారా అని కూడా అన్నాడు.

ఆమె వేలితో ఆ వైరు లాగేసింది.

మోత ఆగిపోయింది. ఒక్క క్షణం గదిలో పద్యం తప్ప ఇంకేమీ లేదు. పాడేవాడు ఊపిరి తీసుకోవడం కూడా వినిపించింది.

"రజాక్ చేతిలో నుంచి వచ్చిన యంత్రానికి ఎర్తు లోపలే ఉంటుందండి. రెండోది తగిలిస్తే ఈ మోత వస్తుందని ఆయనకి తెలుసు. మీకు తెలీదు. నలభై ఏళ్ళుగా రికార్డు ప్లేయర్లు బిగించుకుంటున్న చెయ్యి మీది. వైరు కనపడకపోతే మర్చిపోయాడనుకుని మీరే తగిలించారు. పళ్ళెం కూడా ఆయన బిగించి తీసుకురాడు. ఈ యంత్రం ఇక్కడికి వచ్చింది. రజాక్ రాలేదు."

కోటిలింగం, వైరు ముక్క మీద కేసు కడతారా అని మొదలుపెట్టాడు. నాగరత్నం వినిపించుకోలేదు. మీ నాన్నగారి రికార్డు ఎక్కడుందని పూర్ణచంద్రరావుని అడిగింది. రజాక్ దగ్గరే ఉండిపోయిందని ఆయన జవాబు.

ఆమె అరల దగ్గరికి వెళ్ళింది. అన్ని కవర్లూ ఒకే మందాన ఉన్నాయి. ఒక్క దాంట్లో రెండు రికార్డులు పట్టించినట్టు అంచు ఉబ్బి ఉంది. దాని మీద చెయ్యి వేయగానే పూర్ణచంద్రరావు మొదటిసారి గట్టిగా మాట్లాడాడు.

"దాన్ని ముట్టుకోవద్దు."

"పగలగొట్టేసి ఉంటే సరిపోయేది కదండీ. ఎందుకు దాచారు?"

ఆయన ఆ కవరు వైపే చూస్తూ అన్నాడు. "మా నాన్న గొంతు అదొక్కదాంట్లోనే ఉంది."

నాగరత్నం బయటికి తీసిన రికార్డు సొంత కవరు లేకుండా నల్లగా మెరుస్తోంది. మధ్య కాగితం మీద చేత్తో రాసిన సంవత్సరం, 1969. పూర్ణచంద్రరావు పెట్టనన్నాడు. మున్నీసాయే ముందుకొచ్చి, కొంగుతో దుమ్ము తుడిచి, భర్త చేసేటట్టు రెండు అరచేతుల మధ్య పట్టుకుని పళ్ళెం మీద పెట్టింది. ఆర్మ్ ఎత్తి పిన్ను దించింది.

ముసలి గొంతు. ప్రతి మాటకీ మధ్య పెద్ద ఖాళీ. రేపల్లె మిల్లు నా ఇద్దరు కొడుకులకి. నగరం ఊళ్ళో పొలం నా ఇద్దరు కొడుకులకి. అమ్మాయి పుల్లమ్మకి పెళ్ళినాడే ఇవ్వాల్సింది ఇచ్చాను, ఇంకేమీ రాదు.

ఆ ఖాళీల్లో రెండో గొంతు ఉంది. ముసలాయన ప్రతి మాటా అనేముందు, చాలా తగ్గించి, చెవిలో చెప్పినట్టు ఒక కుర్రవాడి గొంతు ఆ మాటే అంటోంది. ఇంకేమీ రాదు అనండి నాన్నా. ముసలాయన తిరిగి అంటున్నాడు. పలకలేక ఆగిపోతే కుర్రవాడు మళ్ళీ అంటున్నాడు. పాత ప్లేయర్ల మోత కింద ముప్పై ఎనిమిదేళ్ళుగా కప్పబడిపోయిన గొంతు అది. మోత తీసేసింది రజాక్. మంచి యంత్రం కావాలని కోరింది పూర్ణచంద్రరావు.

కోటిలింగం రికార్డు వైపు కాక పూర్ణచంద్రరావు వైపు చూస్తున్నాడు. ఆ గొంతు ఎవరిదో అతనికి చెప్పక్కర్లేదు. వయసు పెరిగింది గానీ మెత్తదనం అదే.

పూర్ణచంద్రరావు వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు. తండ్రికి పక్షవాతం వచ్చి మతి చెదిరాక మద్రాసు తీసుకెళ్ళి ఆ మాటలు పలికించామని ఒప్పుకున్నాడు. ఊరి పెద్దల ముందు ఈ రికార్డే పెట్టారు. నాన్న గొంతే చెప్పాక ఇంకేముందని పుల్లమ్మ కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయింది. ఇప్పుడు మిల్లు స్థలం ప్లాట్లు వేస్తున్నారు. రేపు సోమవారం ఆవిడ వచ్చి అభ్యంతరం లేదని సంతకం పెట్టాలి. అంతా చెప్పి, కానీ రజాక్‌ని నేను చూడలేదు, నిజంగా చూడలేదు అన్నాడు.

ఇక కోటిలింగం ఆగలేదు. లేచి ఆయన జబ్బ పట్టుకుని స్టేషన్‌కి పదమన్నాడు. అరగంట కిందటి మర్యాద ఎక్కడా లేదు. నాగరత్నం అడ్డం నిలబడింది. స్టేషన్‌కి తీసుకెళితే రాతకోతలతో సాయంత్రమవుతుందని, రజాక్‌కి సాయంత్రం దాకా టైము లేదని, ఇక్కడే అడగమని అంది.

"నా కేసండీ ఇది."

"పొద్దున దాకా కేసే లేదన్నారు కదండీ."

"నోరు జారకండి. మీరిప్పుడు హెడ్ కానిస్టేబులు కూడా కాదు."

"అవునండి. అందుకే మీ మాట వినక్కర్లేదు."

వాళ్ళు వాదించుకుంటుంటే రికార్డు తిరుగుతూనే ఉంది. ముసలాయన మాటలు అయిపోయాయి. పిన్ను చివరి ఖాళీ గాడిలోకి జారింది. ఆర్మ్ ఎత్తాలని ఎవరికీ తోచలేదు. మున్నీసా ఫ్లాస్కు పట్టుకుని గోడకి ఆనుకుని ఉంది.

అప్పుడు స్పీకర్లలోంచి ఇంకో గొంతు వచ్చింది. మూడో గొంతు. పదిహేడు పద్దెనిమిదేళ్ళది.

"చాలన్నయ్యా. ఇక ఆపు. నాన్న ఏడుస్తున్నాడు."

తర్వాత టక్‌మని ఒక చప్పుడు. అంతే.

నాగరత్నం మెల్లగా పూర్ణచంద్రరావు వైపు తిరిగింది. మిమ్మల్ని అన్నయ్యా అని పిలిచేది ఎవరని అడిగింది. జవాబు కోటిలింగం చెప్పాడు. తమ్ముడు దశరథరామయ్య. రేపల్లెలో ఉంటాడు. ఊళ్ళో తగువులు తీర్చే పెద్దమనిషి.

మున్నీసా వచ్చి పిన్ను ఎత్తేసింది.

"ఆయన ఇది వినలేదక్కా. గొంతు ఆగగానే పిన్ను ఎత్తేస్తారు. ఖాళీ గాడిలో ఊరికే తిప్పితే పిన్ను అరిగిపోతుందని. ఎవరినీ తిప్పనివ్వరు." తనకి తానే చెప్పుకున్నట్టు అంది. "తమ్ముడికి తెలీదనుకున్నారు. అక్కగారికి అన్యాయం జరిగింది, మీరు చూడండి బాబూ అని చెప్పడానికి ఆయన దగ్గరికే వెళ్ళారు."

మోసం చేసింది ఒక్కడే అనుకుని రజాక్ రెండోవాడి తలుపు తట్టాడు. యంత్రమూ, రికార్డూ, పళ్ళెమూ చేతబట్టుకుని, పెద్దింటి గుట్టు పెద్దింట్లోనే తేలాలని రేపల్లె రైలెక్కాడు.

పూర్ణచంద్రరావు ఇక దాచలేదు. గురువారం సాయంత్రం తమ్ముడే కారులో యంత్రం తెచ్చి దించాడు. రికార్డు పగలగొట్టమన్నాడు. ఆ మనిషిని మూతపడ్డ మిల్లులో ఊక గోదాము వెనక గదిలో ఉంచాననీ, సోమవారం సంతకాలయ్యాక వదిలేస్తాననీ, ఎవరైనా అడిగితే వచ్చి వెళ్ళాడని చెప్పమనీ అన్నాడు. తిండి పెడుతున్నాం, ఎవరూ చెయ్యి చేసుకోలేదు అని పూర్ణచంద్రరావు రెండుసార్లు అన్నాడు.

"తనకి షుగరని ఆయన మీ తమ్ముడికి చెప్పలేదాండీ?" అంది మున్నీసా.

పూర్ణచంద్రరావు ఆమె మొహం చూడలేకపోయాడు. "నిన్న ఫోనులో అన్నాడు. ఏవో సూదులు కావాలని అడుగుతున్నాడు, నాటకాలాడుతున్నాడని."

*

రేపల్లె తన హద్దు కాదని, అక్కడివాళ్ళకి చెప్పాలని కోటిలింగం ఫోను తీశాడు. అటు ఎవరో, ఎస్సైగారు బందోబస్తుకి వెళ్ళారు, వచ్చాక చెబుతామన్నారు. నాగరత్నం అప్పటికే కారు దగ్గరికి వెళ్ళిపోయింది. కోటిలింగం పూర్ణచంద్రరావుని బయట జీపు దగ్గరున్న కానిస్టేబులుకి అప్పగించి, పరుగున వచ్చి ముందుసీట్లో కూర్చున్నాడు. హద్దుల సంగతి తర్వాత చూసుకుందాం పోనివ్వమని డ్రైవరుతో అన్నాడు. కారు నగరం ఊరు దాటింది. అక్కడ కోటిలింగం, శనివారమే వచ్చి చూడాల్సిందని అద్దం వైపు చూస్తూ అన్నాడు. నాగరత్నం అవునండి అంది. అంతకంటే కఠినంగా ఆమె ఎప్పుడూ మాట్లాడలేదని అతనికి అనిపించింది.

మిల్లు గేటు తీసే ఉంది. కాపలావాడు యాకోబు పోలీసు దుస్తులు చూడగానే చేతులు కట్టుకున్నాడు. గోదాము వెనక గది తలుపుకి తాళం లేదు.

లోపల ఎవరూ లేరు.

చాప చుట్టి గోడకి నిలబెట్టి ఉంది. టిఫిన్ డబ్బా కడిగి బోర్లించి ఉంది. కిటికీ గట్టు మీద సిరంజీలు, ఒకదాని పక్కన ఒకటి, మూతలు పెట్టి పేర్చి ఉన్నాయి. మూడు ఖాళీ. నాలుగోదాంట్లో సగం మందు మిగిలి ఉంది.

కోటిలింగానికి అందులో ఏమీ కనపడలేదు. నాగరత్నానికి కొంత అర్థమైంది. మున్నీసా ఆ నాలుగో సిరంజీ తీసి వెలుతురుకి పట్టుకుంది.

"మొదటిది పూర్తిగా, తర్వాత సగం సగం వేసుకున్నారు," అంది. "గీతలు కనపడవు కదా, గోటితో కొలుచుకుని ఉంటారు. ఇవాళ్టిదాకా సరిపెట్టుకున్నారు." ఆమె నాగరత్నం చెయ్యి పట్టుకుంది. ఆ పట్టులో మూడు రోజులుగా లేని బలం ఉంది. "పొద్దున కూడా వేసుకున్నారక్కా. ఉన్నారు."

యాకోబు భయం భయంగా చెప్పుకొచ్చాడు. ఆ మనిషి నిన్నటి నుంచి నీళ్ళు తెగ తాగుతున్నాడు. కాళ్ళు నిలవడం లేదు. సూదులు తెప్పించమని తనని కూడా బతిమాలాడు. అయ్యగారికి చెబితే తిట్టాడు. ఇవాళ పొద్దున అయ్యగారికి బాపట్ల నుంచి ఫోను వచ్చింది. తెనాలి నుంచి ఎవరో ఆవిడ బయల్దేరి వస్తోందట. ఫోను పెట్టేసి నేరుగా మిల్లుకి వచ్చాడు. ఆస్పత్రికి తీసుకెళతానని ఆ మనిషిని కారెక్కించుకున్నాడు.

పూర్ణచంద్రరావు ఇంట్లో ఉంటాడో లేడో అని పొద్దున తాను చేసిన ఫోనే దీనికి మొదలని నాగరత్నానికి అర్థమైంది. ఆ ఫోను చేయకపోతే రజాక్ ఇంకా ఈ గదిలో ఉండేవాడు.

"నడిచాడా, మోశారా?" కోటిలింగం అడిగాడు.

"నడిచాడండి. నా భుజం పట్టుకుని. చాప ఆయనే చుట్టాడు. ఎవరికీ పని పెట్టకూడదన్నాడు."

ఏ వైపు వెళ్ళారని యాకోబుని అడిగారు. ఆస్పత్రి ఉన్న వైపు కాదన్నాడు. చివరికి, నిజాంపట్నం రోడ్డెక్కారన్నాడు. అయ్యగారికి రేవులో ఒక మరపడవలో వాటా ఉంది.

కోటిలింగం రేపల్లె, తెనాలి ఆస్పత్రులకి ఫోన్లు చేశాడు. ఆ పేరుతో, ఆ పోలికతో ఎవరూ రాలేదు. రేవులో తెలిసినవాడికి చేస్తే ఎత్తలేదు. నాగరత్నం డ్రైవరుని తొందరపెట్టింది. మున్నీసా కారెక్కబోతూ యాకోబు దగ్గర ఆగి, ఐసు దొరుకుతుందా అని అడిగింది. ఫ్లాస్కులోది కరిగిపోతోంది. అతను ఎదురుగా ఉన్న కూల్‌డ్రింకు కొట్టుకి పరుగెత్తాడు. ఆమె ముక్కలు చితక్కొట్టి, సిరంజీల చుట్టూ జాగ్రత్తగా సర్ది, మూత బిగించింది. ఆయన కనపడగానే ముందు సూది, తర్వాత ఏదైనా తిండి, ఆ వరస తప్పకూడదని నాగరత్నానికి చెప్పింది. తన చేతులు వణికితే నువ్వు వెయ్యాలక్కా అని, ఎక్కడ పొడవాలో జబ్బ మీద చూపించింది.

నిజాంపట్నం రేవులో దశరథరామయ్య కారు దొరికింది. తలుపులు తాళం వేసి ఉన్నాయి. వెనకసీటు మీద మడతపెట్టిన తువ్వాలు ఒకటి అద్దంలోంచి కనిపించింది. చేపలు ఎండేసే ఆడవాళ్ళు, పెద్దాయన ఒక జబ్బు మనిషిని పడవ ఎక్కించడం చూశామన్నారు. గాలి మార్పుకి తీసుకెళుతున్నానని చెప్పాడట. పడవ వెళ్ళి ఎంతసేపైందని కోటిలింగం అడిగితే ఒకామె గంట అంది, ఇంకొకామె అంతకంటే ఎక్కువే అంది. మున్నీసా నీళ్ళ అంచు దాకా నడిచి వెళ్ళి, చెప్పులు తడుస్తున్నా అక్కడే నిలబడింది. చీకటి పడ్డా రమ్మంటే రాలేదు.

ఆ పడవ మంగళవారం మధ్యాహ్నం రేవుకి తిరిగొచ్చింది. దశరథరామయ్య అందులోంచి దిగాడు.

అబ్దుల్ రజాక్ 2007 ఫిబ్రవరి ఎనిమిది, గురువారం ఉదయం తెనాలిలో ఇల్లు విడిచి వెళ్ళాడు. తిరిగి రాలేదు.